గుర్రానికి లేని ఎముక

పదకొండింటికి కొత్త విద్యార్థులు వస్తారు కాబట్టి, ఈలోగా గుర్రం అస్థిపంజరాన్ని తళతళా తుడిచేయాలన్నది పశువైద్య కళాశాల మ్యూజియం అటెండరు ఆ పొద్దుటి ఆలోచన. గుడ్డ భుజం దాకా వచ్చేసరికి తుప్పు పట్టిన తీగ పుటుక్కున తెగి, ఎడమ ముందుకాలు భుజం పలకతో సహా అతని చేతుల్లోకి వచ్చేసింది.

కాలిని నేలమీద పడుకోబెట్టి, అది ఒంటికి ఏ ఎముకతో అతుక్కుని ఉండేదో వెతికాడు. లేదు. కుడివైపు చూశాడు. అక్కడా లేదు! మూలనున్న మనిషి అస్థిపంజరానికి మాత్రం, రొమ్మును భుజాలతో కలిపే కాలర్‌బోన్లు రెండూ లక్షణంగా ఉన్నాయి.

అతని పైప్రాణాలు పైనే పోయాయి. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలోంచి దుమ్ము తప్ప ఏదీ బయటికి పోనివ్వలేదు. తను కాక తాళాలున్నది ఒక్కడి దగ్గరే. తానే సిఫారసు చేసి ఊడ్చే పనిలో పెట్టించిన బావమరిది. వరండాలో ఉన్నవాణ్ణి కేకేశాడు.

"గుర్రం ఎముకలు రెండు ఏవిరా?"

"నాకేం తెలుసు బావా? చీపురు తెలుసు, చెత్త తెలుసు."

"చెత్తతో గానీ ఊడ్చేశావా?"

"అబ్బే! నిన్న పెరట్లో కుక్క ఏదో కొరుకుతుంటే చూశాను, అంతే."

ఇద్దరూ కుక్క వెంటపడ్డారు. కుక్క గోడ దూకింది. తనూ దూకబోయి అటెండరు ప్యాంటు చింపుకున్నాడు. దొరికింది పాత చెప్పు. తిరిగొచ్చేసరికి విద్యార్థులు గదినిండా ఉన్నారు. భయం కోపంగా మారడానికి ఎంతసేపు?

"నీ సంచి ఇలా తే" అంటూ బావమరిది దగ్గర లాక్కుని, అందరి ముందూ బోర్లించాడు. అన్నం డబ్బా, గొడుగు, కూతురికి కొన్న రంగు పెన్సిళ్లు దొర్లాయి. బావమరిది ఒక్కొక్కటే ఏరుకుని, తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడొచ్చింది ప్రొఫెసరమ్మ. "గుర్రానికి ఆ ఎముక పుట్టుకతోనే ఉండదయ్యా! ముందుకాళ్లను ఒంటికి పట్టి ఉంచేవి కండరాలే. అందుకే పరుగులో భుజం ముందుకీ వెనక్కీ జారి అంగ పెద్దదవుతుంది, దూకితే అదురు కండల్లోనే ఆగిపోతుంది" అంది. విద్యార్థులు రాసుకున్నారు. అటెండరుకు తల కొట్టేసినట్టయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. గుర్రం కాలిని కొత్త తీగతో అరగంటలో కట్టేశాడు. సాయంత్రం తాళాలు పట్టుకుని బావమరిది ఇంటికి వెళ్లాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ తలుపు తెరుచుకోగానే ఎగిరిపోయాయి.

"తప్పయిపోయిందిరా. రేపు పనిలోకి రా."

"అలాగే. లోపలికి రండి బావగారూ, కూర్చోండి" అన్నాడు బావమరిది.

ఇన్నేళ్ల బంధుత్వంలో అటెండరుకు దక్కిన మొదటి మర్యాద అది.