లేబుల్ లేని అరవై సంచులు

శనివారం ఉదయం మడతమాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. లాండ్రీ ఒక పూట మూసెయ్యాలి. అయిదు బస్తాల బియ్యం, పప్పుల్ని గాలి చొరని వెండిరంగు సంచుల్లో నింపి, వాటి మూతులు ఇస్త్రీపెట్టెతో అతికించి, వంటింటి పక్కగదిలో గోడ పొడుగునా పేర్చాలి. ఆదివారం భోజనానికి వచ్చే తోడల్లుడు ఆ వరసలు చూసి మాట రాక నిలబడిపోవాలి. అంతకుమించి ఆయనకు దురాశ లేదు.

మడతమాస్టారంటే పంతులుగారు కాదు. ముందుగదిలో లాండ్రీ, వెనకగదుల్లో కాపురం. ఆయన మడతపెట్టిన చొక్కా పెట్టెలో ఎన్నాళ్ళున్నా మడత చెదరదని వీధివాళ్ళు పెట్టిన పేరు అది. ఇరవై ఏళ్ళలో ఆయన ఏ బట్టకీ గుర్తు వెయ్యలేదు, చీటీ కట్టలేదు. చేత్తో పట్టుకుంటే చాలు, అది ఎవరిదో, ఎన్ని ఉతుకులు చూసిందో చెప్పేస్తారు. అంతటి చెయ్యికి ఇంట్లో మాత్రం విలువ లేదు. అందుకు కారణం తోడల్లుడేనని ఆయన గట్టి నమ్మకం.

తోడల్లుడిది మందుల షాపు. ఆరు నెలల క్రితం అతను తన ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, బియ్యం, పప్పులు, పిండి అన్నీ గాలి చొరని డబ్బాల్లో పోసి, ఒక్కో డబ్బాకి పేరు, నింపిన తేదీ, పాడయ్యే తేదీ రాసి అతికించాడు. మాస్టారి భార్య అక్కగారింటికి వెళ్ళి ఆ గదిని కళ్ళారా చూసొచ్చింది. అప్పట్నుంచీ మాస్టారు ముద్ద కలిపారంటే చాలు, ఆ గది ఊసే.

"బావగారి గదిలో ఒక్క పురుగు కనబడదండీ."

ఇంట్లో బియ్యానికి పురుగు పడితే ఆవిడ చాట ఆపి, "బావగారైతే" అనేది. తర్వాత ఏమీ అనేది కాదు. మిగతాది కూడా అనేస్తే మాస్టారు భరించేవారేమో. ఆ సగంలో ఆగడం చూస్తేనే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. తన పథకాన్ని ఆయన ముందుచూపు అని పిలుచుకున్నారు గానీ, దాని వెనక ఉన్నది అచ్చమైన అసూయ. ఆరు నెలలుగా కళ్ళల్లో నిప్పులు పోసుకుని తిరుగుతున్నారు. ఆయనకు కావలసింది ఒకే ఒక్క మాట. తోడల్లుడు ఎదురుగా ఉండగా, భార్య నోట, "మా ఆయన" అని మొదలై మెచ్చుకోలుతో ముగిసే మాట.

సంచులకి చోటు కావాలని మాస్టారు ఇస్త్రీబల్ల మీద బట్టలన్నీ మూటగట్టి మూలకి నెట్టారు. మూట అడుగున భార్య నీలం చీర కూడా ఉంది. "అది రేపు చేస్తాలే," అన్నారు అలవాటుగా. బల్ల చివర మాత్రం ఒక పొట్లం ఉంచారు. అందులో ఉన్నది తోడల్లుడి తెల్లచొక్కా. సోమవారం మందుల వ్యాపారుల సమావేశంలో అతను వేదిక మీద కూర్చోబోతున్నాడు. వంక పెట్టే సందు దొరక్కూడదని మాస్టారు దాన్ని మూడుసార్లు ఇస్త్రీ చేసి, పాత పేపర్లో చుట్టి సిద్ధం చేశారు.

సంచులతో పాటు ఒక కవరు వచ్చింది. అందులో అరవై బుల్లి పొట్లాలు. సంచికి ఒకటి వేసి మూతి అతికిస్తే లోపలి గాలిలో ఆక్సిజన్ పీల్చేస్తుంది, సరుకు ఏళ్ళ తరబడి నిలవుంటుంది. మాస్టారు ఉత్సాహంగా కవరు కోసి పొట్లాలన్నీ బల్ల మీద పోశారు. భార్య ఖాళీ కవరు తీసి వెనక్కి తిప్పింది.

"ఏమండీ, దీన్ని ముందే ఎందుకు కోశారు?"

"సంచికొకటి వెయ్యాలిగా."

"తెరిచాక అరగంటలో వాడెయ్యాలని రాశారు. లేకపోతే ఈ గదిలో గాలే పీల్చేసి ఎందుకూ పనికిరాకుండా పోతాయట."

మాస్టారు గడియారం చూశారు. "తెరిచి ఎంతసేపయింది?"

"అయిదు నిమిషాలు. మరి లేబుల్స్ రాయొద్దా?"

"తర్వాత రాద్దాం. ముందు నువ్వు నింపు."

"బావగారైతే," అంది ఆవిడ.

ఇక చూడాలి మాస్టారి వేగం. ఆవిడ చెంబుతో ముంచి పోస్తోంది. ఆయన పొట్లం పడేసి, అరచేత్తో అదిమి గాలి తీసి, మూతి మీద ఇస్త్రీపెట్టె లాగుతున్నారు. పదిహేడు నిమిషాల్లో అయిదు బస్తాలూ ఖాళీ అయి నలభై ఒక్క సంచులు తయారయ్యాయి. ఇంకా పందొమ్మిది సంచులూ, పందొమ్మిది పొట్లాలూ, ఎనిమిది నిమిషాలూ మిగిలాయి.

"పోతేపోనీండి, ఆ పందొమ్మిదీ వదిలేద్దాం," అంది భార్య. "బావగారు మాత్రం ఒక్కటి కూడా వృథా చెయ్యలేదట."

మాస్టారు వంటింట్లోకి దూకారు. ఉప్పు, పంచదార, కాఫీపొడి, బిస్కట్లు, అలమారలో పేపరు పొట్లాల్లో ఉన్న చిల్లర సరుకులు, అన్నీ సంచుల్లోకి వెళ్ళిపోయాయి. అవి చాలక లాండ్రీలోని గంజిపొడి, సబ్బుపొడి కూడా పట్టుకొచ్చారు. పొడిగా ఉంటే చాలు, ఆ ఎనిమిది నిమిషాల్లో ఆయన చేతికి చిక్కింది బయట మిగల్లేదు. అరవయ్యో సంచి అతికించేటప్పటికి ఇంకా అరనిమిషం ఉంది. తర్వాత ఇద్దరూ కలిసి అన్నీ పేర్చారు. ఏది ఏదో గుర్తుపెట్టుకోవాలని ఇద్దరికీ తట్టింది. రెండోవాళ్ళు గుర్తుపెట్టుకుంటున్నారని ఎవరికి వారు ధీమాగా ఉండిపోయారు.

ఆ పూట వండినదే రాత్రికీ సరిపోయింది. ఆదివారం ఉదయానికి అరవై సంచులూ బిగిసి ఇటుకల్లా తయారయ్యాయి. భార్య కాఫీ పెట్టబోయి కాసేపు ఆ గోడకేసి చూసింది. తర్వాత కత్తెర తెచ్చి ఒక సంచి కోసింది. అది సబ్బుపొడి. రెండోది గంజిపొడి.

"ఉప్పు కూడా లేదండీ. పక్కింట్లో అడిగొస్తాను."

"ఏడాదికి సరిపడా సరుకులు గోడకి పేర్చుకుని ఉప్పుకి పక్కింటికి వెళ్తావా? పరువు పోతుంది. ఇలా రా."

మాస్టారు కళ్ళు మూసుకుని సంచులు ఒక్కొక్కటే తడిమారు. అయిదో సంచి దగ్గర వేళ్ళు ఆగాయి. "ఇది ఉప్పు." కోసి చూస్తే ఉప్పే. తర్వాత బియ్యం చెప్పారు, పెసరపప్పు చెప్పారు, రెండూ నిజమయ్యాయి. భార్య ఆశ్చర్యపోయింది గానీ, కాఫీ పడని కోపంలో మెచ్చుకోవడం మర్చిపోయింది.

తోడల్లుడి చొక్కా సిద్ధంగా ఉంచుదామని మాస్టారు ముందుగదిలోకి వెళ్ళారు. బల్ల చివర పొట్లం లేదు. మూట విప్పి చూశారు, బల్ల కింద వెతికారు, రెండు గదులూ తిరిగారు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

తోడల్లుడు చేతిలో ఒక కాగితపు చుట్టతో లోపలికి వచ్చాడు. "తమ్ముడూ, నువ్వూ సరుకులు దాస్తున్నావటగా, నీకోసం లేబుల్స్ తెచ్చాను," అన్నాడు. ఆ పక్కగది గుమ్మంలోకి రాగానే మాత్రం అతని నడక ఆగిపోయింది. నేల నుంచి భుజం ఎత్తు దాకా తళతళలాడుతున్న అరవైకి అయిదు తక్కువ సంచులు. అతని మొహంలో కళ తగ్గడం మాస్టారు స్పష్టంగా చూశారు. ఆ చొక్కా బెంగే లేకపోతే అది ఆయన జీవితంలో మంచి రోజుల్లో ఒకటయ్యేది.

తోడల్లుడు త్వరగానే తేరుకున్నాడు. "బాగానే ఉంది గానీ, దేంట్లో ఏముందో ఎలా తెలుస్తుంది? పంచదారలో కూడా ఆ పొట్లం వేశావా ఏమిటి? రాయయిపోతుంది."

అతని వెనక అక్కగారు నిలబడి ఉంది. సొంత అక్క ముందు మొగుణ్ణి చులకన చేస్తే ఏ చెల్లెలూ ఊరుకోదు.

"మా ఆయనకి లేబుల్స్ అక్కర్లేదు బావగారూ. చేత్తో పట్టుకుంటే చెప్పేస్తారు. మీ షాపులో అలా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆరు నెలలుగా ఎదురుచూసిన మాట. మాస్టారి కళ్ళు చెమర్చాయి.

"అలాగా, చూద్దాం," అని తోడల్లుడు ఒక సంచి లాగాడు.

"శనగలు," అన్నారు మాస్టారు. కోస్తే శనగలే.

"ఇది?"

"బియ్యం. కాస్త నూకలు కూడా ఉన్నాయి." నూకలు ఉన్నాయి.

"మరి ఇది?"

"పంచదార. అన్నయ్యగారు చెప్పినట్టే రాయయింది."

భార్య అక్కకేసి చూసింది. అది మామూలు చూపు కాదు. తోడల్లుడు పళ్ళు బిగించి, అన్నిటికన్నా కింది వరసలోంచి ఒక పలచటి సంచి ఏరి మాస్టారి చేతిలో పెట్టాడు.

మాస్టారి వేళ్ళకి ముందు పేపరు తగిలింది. దాని కింద గట్టిగా కాలరు. ఆ కింద ఒక గుండీ, ఇంకో గుండీ. మూడుసార్లు ఇస్త్రీ చేసిన మడత. ఆయన సంచిని కింద పెట్టబోయారు.

"ఏం తమ్ముడూ, తెలియలేదా?"

తెలియలేదంటే గొడవ ఉండదు. కానీ అటు పక్క భార్య తననే చూస్తోంది. ఆవిడ అన్న మాట ఇంకా పావుగంట కూడా బతకలేదు. మాస్టారు దాన్ని చంపలేకపోయారు.

"మీ చొక్కా అన్నయ్యగారూ."

తోడల్లుడే కత్తెర తీసుకుని కోశాడు. పేపరు విప్పితే తెల్లచొక్కా అప్పుడే బల్ల మీద నుంచి తీసినట్టు ఉంది.

"పప్పులతో పాటు నా చొక్కా కూడా," అని అతను మొదలుపెట్టేలోపు అక్కగారు దాన్ని చేతుల్లోకి తీసుకుంది.

"చూశారా? మీరు వేదికెక్కే చొక్కాకి దుమ్ము పడకూడదని, చెమ్మ తగలకూడదని గాలి కూడా తీసి దాచాడు మా మరిది. మీరు శనగలకి తేదీలు రాయడం తప్ప ఏనాడైనా నా చీర ఒక్కటి మడతపెట్టారా?"

తోడల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. "విన్నావా తమ్ముడూ? మీ పెళ్ళయినప్పట్నుంచీ ఇదే వరస. అన్నానికి కూర్చుంటే మరిది మడత, లేస్తే మరిది ఇస్త్రీ. నేనూ ఏదో ఒకటి చేసి చూపించాలనే కదా ఆ సరుకుల గది పెట్టింది."

మాస్టారు ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుని విన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. తోడల్లుడు లేబుళ్ళ చుట్ట అక్కడే వదిలేసి, చొక్కా చంకన పెట్టుకుని, తలొంచుకుని వెళ్ళాడు. మూడు రోజులు ఆ ఇంట్లో "బావగారు" అన్న మాట వినబడలేదు.

నాలుగో రోజు మాస్టారు అన్నం కలుపుతుండగా భార్య మజ్జిగ తెచ్చి పెట్టింది.

"అక్క ఫోన్ చేసింది. బావగారు ఇస్త్రీపెట్టె కొన్నారట. అక్క చీరలన్నీ ఆయనే ఇస్త్రీ చేసి పెడుతున్నారట."

మాస్టారి ముద్ద కంచంలోనే ఆగిపోయింది. ముందుగదిలో మూట అడుగున ఆవిడ నీలం చీర రెండు నెలలుగా రేపటి కోసం చూస్తోంది.