మొదటి ఊళ్లో తొమ్మిది

మనిషి ఎదగాలంటే దేశాలు తిరగాలి. తిరిగినవాడు ఎదిగాడని తేలాలంటే ఫారం నింపాలి. ఇరవై దేశాల కుర్రకారుతో ఊరూరా ఆడిపాడే ఆ బృందానికి ఇది మూలసూత్రం. మొదటి సగం బస్సు మీద రాయించారు. రెండో సగం బస్సు లోపల అమల్లో ఉండేది.

ఊరు మారేముందు ప్రతిసారీ ఫారాలు పంచేవారు. ధైర్యం, ఓర్పు, నిజాయితీ అని మూడు గడులు. ఒక్కోదానికి పదికి ఎన్నో ఎవరికి వారే వేసుకోవాలి. పన్నెండు ఊళ్లు తిరిగేసరికి మూడూ కలిపి ఇరవై అంకెలు పెరిగితే ఆ మనిషి ఎదిగినట్టు. ఎదిగినవారికే ఆఖరి ప్రదర్శనలో ఒంటరిగా వేదికెక్కే అవకాశం.

బృందంలో ఒక పిల్లను అందరూ సూది అనేవారు. పందొమ్మిదేళ్లు. తల్లి దర్జీ. ఎవరి గుండీ తెగినా, ఎవరి అంచు ఊడినా ఈ పిల్ల ఒళ్లోకే వచ్చిపడేది. గుంపులో పాడితే గొంతు ఖంగుమనేది. ఒంటరిగా నిలబెడితే పెగిలేది కాదు. అందుకే మొదటి ఊళ్లో ధైర్యానికి రెండు వేసుకుంది. ఓర్పుకు ఐదు. నిజాయితీకి తొమ్మిది. పది ఎందుకు వేయలేదంటే, చిన్నప్పుడు తల్లి గుడ్డలు కోసే కత్తెరతో కాగితాలు కోసి పదును పోగొట్టి, నేను కాదని బుకాయించిన సంగతి గుర్తొచ్చింది.

ఎనిమిదో ఊళ్లో తల్లి నుంచి కబురొచ్చింది: ఆఖరి ప్రదర్శనకు వస్తున్నాను. ఆవిడ పనిరోజున దుకాణం మూయడం అదే మొదటిసారి. అమ్మ ముందు ఒంటరిగా ఒక్క పాట పాడాలని ఆ రోజే ఈ పిల్ల మనసులో పడింది. వెళ్లి డైరెక్టరును అడిగింది.

ఆయన ఫైలు తీసి కూడిక వేశాడు.

"మొత్తం పదహారుతో మొదలెట్టావు. అన్నిట్లో పది వేసుకున్నా పెరిగేది పద్నాలుగే. మొదట్లోనే తొమ్మిది వేసుకు కూర్చుంటే నిన్ను ఎక్కడికని ఎదిగించాలమ్మా?"

"ఉన్నదే వేశానండీ."

"ఉన్నదెవరడిగారు? బంతుల పిల్లను చూడు. మూడింట్లోనూ సున్నా. ముందుచూపున్న పిల్ల."

బంతులు ఎగరేసే ఆ పిల్ల సూది గదిలోనే ఉండేది. సున్నాలో అతిశయోక్తేమీ లేదు. నాలుగు ఊళ్లుగా అడక్కుండా సూది సబ్బుతోనే స్నానం చేస్తోంది.

డైరెక్టరు మొదటి ఊరి ఫారం, రబ్బరు బల్ల మీద పెట్టాడు. అబద్ధం రాయమని అనలేదు. వినయం అనేది కూడా ఒక సుగుణమని చెప్పి, కిటికీ వైపు తిరిగి, కావలసినంతసేపు వీధిని చూశాడు. సూది తొమ్మిది చెరిపి ఒకటి వేసింది. ఆ నిమిషానికి ఆ అంకె ఇంచుమించు నిజమే.

అక్కణ్ణుంచి చెయ్యి అలవాటుపడింది. పన్నెండో ఊళ్లో మూడు గడుల్లోనూ పదులే.

ఆఖరి ప్రదర్శనకు హాలు నిండింది. ముందు వరుసలో పోషకులు. మూడో వరుసలో తల్లి, ఒళ్లో సంచి. పాటకు ముందు డైరెక్టరు సూదిని పక్కన నిలబెట్టుకుని మైకు అందుకున్నాడు. వెనక తెర మీద అంకెలు పడ్డాయి.

"ఈ అమ్మాయి మా దగ్గరికొచ్చిన నాడు నిజాయితీ పదికి ఒకటి. ఇవాళ పది. ఇంట్లో నేర్పలేనిది మేం బస్సులో నేర్పాం."

చప్పట్ల మధ్య తల్లి లేచింది. నాలుగు మిషన్ల రొదలో కొలతలు చెప్పే గొంతు ఆవిడది. మైకు అక్కర్లేదు.

"ఒకటా? నేను పంపినప్పుడు ఒకటా? జానెడు గుడ్డ మిగిలినా మడతపెట్టి తిరిగిచ్చే కొట్టండీ నాది. ఏమే, నువ్వు చెప్పు."

చెప్తే పాట పోతుంది. చెప్పకపోతే తెర మీది ఒకటి అమ్మ మీద పడుతుంది. సూది మైకు తీసుకుంది.

"ఆ ఒకటి అబద్ధమమ్మా. ముందు తొమ్మిదే వేశాను. పాట కోసం నేనే చెరిపి దిద్దాను. ఆ పది కూడా అబద్ధమే."

మూడు వందల మంది ముందు, ఒంటరిగా. గొంతు ఎక్కడా తడబడలేదు. ధైర్యం గడిలో ఆ పూట ఎవరూ ఏమీ వేయలేదు.

డైరెక్టరు మైకు వెనక్కి తీసుకున్నాడు.

"చూశారుగా," అన్నాడు పోషకులతో, "నిండు సభలో తప్పు ఒప్పుకోవడం. పన్నెండు ఊళ్ల ఫలితం ఇదే."

ముందు వరుస లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాట మాత్రం రద్దయింది. ఫారం దిద్దినవారికి అవకాశం లేదని నిబంధన. ఆ ఐదు నిమిషాలూ బంతుల పిల్ల బంతులు ఎగరేసింది.

బయటికొచ్చాక తల్లి సంచి భుజానికి తగిలించుకుంది. తర్వాత, "ఆ పాటేదో నడుస్తూ పాడు," అంది. వీధిలో జనం తిరిగి చూస్తున్నా సూది చివరిదాకా పాడింది.

మరుసటేడు బృందం దరఖాస్తులో ఒక వాక్యం కొత్తగా చేర్చారు: "నిజాయితీ మూడుకు మించి ఉన్నవారు దరఖాస్తు చేయనవసరం లేదు. ఎదగడానికి చోటుండాలి."