అజ్ఞాత కళాకారిణి తరఫున శాలువా

కప్పుకుని పడుకున్నంత కాలం బొంత ఎవరికీ కనిపించదు. దాన్ని గోడకు వేలాడదీసి, ముందర తాడు కట్టి, పైన లైటు వేసి, పక్కన 'ముట్టుకోరాదు' అని బోర్డు పెడితేనే కనిపిస్తుంది. కాబట్టి ప్రతి ఊళ్ళోనూ ఏడాదికొకసారి బొంతల ప్రదర్శన పెట్టడం, అక్కడ ఎవరినీ ఏ బొంతనూ తాకనివ్వకపోవడం సమాజానికి ఎంతో మేలు. ఈ మాట నవ్వులాటకు అంటున్నది కాదు. సాక్ష్యం ఉంది. సాక్ష్యం పేరు శంకరప్ప.

శంకరప్పకు పెనుకొండలో పట్టుచీరల షాపు ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి. ధర్మవరంలో పుట్టి, చీరలమ్ముకుంటూ పెనుకొండ చేరి, అక్కడే స్థిరపడ్డాడు. చీర అంచును రెండు వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపి, అది చేమగ్గం పనో మరమగ్గం పనో, నేసినవాడు నేర్పరో కాదో చెప్పేస్తాడని చుట్టుపక్కల పేరు. భార్య గంగాదేవిదీ ధర్మవరమే. పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు. ఆమె గురించి ఆయనకు మంచి అభిప్రాయమే ఉండేది. అంతకు మించి ఆలోచించవలసిన అవసరం రాలేదు.

ఇలాంటి నిపుణుడిని వదులుకుంటారా? హిందూపురంలో బొంతల ప్రదర్శన పెడుతున్న సాహితి అనే అమ్మాయి వెతుక్కుంటూ షాపుకే వచ్చింది. బెంగళూరులో డిజైన్ కోర్సు చదివి, రెండేళ్ళుగా పల్లెలన్నీ తిరిగి బొంతలు పోగుచేసిన పిల్ల. న్యాయనిర్ణేతగా ఉండమని అడిగింది. బొంతలో నిర్ణయించడానికి ఏముంటుందని శంకరప్పకు అనుమానం కలిగింది గానీ, కరపత్రంలో తన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుందని తెలిశాక తీరిపోయింది.

ఆదివారం ఉదయం భార్యాభర్తలిద్దరూ బస్సెక్కారు. గంగాదేవిని ఆయన రమ్మనలేదు, వద్దనలేదు. తాళం వేసి వచ్చి బస్సులో పక్కన కూర్చుంది.

ప్రదర్శన ఒక కల్యాణ మంటపంలో. మంటపం నరసింహయ్యది. ఆయన హాలు ఉచితంగా ఇచ్చినందువల్ల ప్రదర్శనకు అధ్యక్షుడు కూడా అయ్యాడు. తలుపు దగ్గర పన్నీరు చల్లారు. లోపల ముప్పై ఏడు బొంతలు.

ఎన్ని రకాలని! ముదిగుబ్బ నుంచి వచ్చిన బొంతలో గొర్రెల కాపరుల కంబళి ముక్కలు. చిలమత్తూరు ఆడవాళ్ళు బెంగళూరు గార్మెంటు ఫ్యాక్టరీల నుంచి తెచ్చుకున్న జీన్స్ కత్తిరింపులతో కుట్టిన బొంత నిలబెడితే నిలబడేటట్టు ఉంది. తాడిమర్రి బొంత మొత్తం ఎన్నికల జెండాలే. నాలుగు పార్టీలు పక్కపక్కనే గొడవ పడకుండా పడుకుని ఉన్నాయి. ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఇంటి నుంచి సన్మానాల శాలువాలన్నీ కలిపి కుట్టిన బొంత వచ్చింది. ఒకే ఇంట్లో పెద్దపిల్ల నుంచి చిన్నపిల్ల దాకా తొడిగి, విప్పి, మళ్ళీ తొడిగిన యూనిఫారాల బొంత ఒకటి. నైటీల బొంత ఇంకొకటి. దాని ముందు మగవాళ్ళు ఆగకుండా ముందుకు జరిగిపోతున్నారు.

శంకరప్ప అలవాటు కొద్దీ మొదటి బొంత అంచు మీదికి వేళ్ళు చాచాడు. అక్కడున్న వాలంటీరు, ముట్టుకోకూడదని మర్యాదగా చెప్పింది. నలభై ఏళ్ళుగా వేళ్ళతో చూసిన మనిషి ఆ రోజు కళ్ళతో చూడవలసి వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క బొంత ముందూ నిలబడి, తల పక్కకు వంచి చూశాడు. ఆయన అంత శ్రద్ధగా బట్టను చూడడం గంగాదేవి చూసింది అదే మొదటిసారి. బోర్డుల వల్ల కలిగే మేలు గురించి ఇంకా ఎవరికైనా సందేహం ఉందా?

చివరి గోడకు ఒకే ఒక్క బొంత ఉంది. మిగతావాటికి ట్యూబులైటు, దానికి మాత్రం స్పాట్‌లైటు. నడుమ అరచేతి వెడల్పున ఆకుపచ్చ పట్టు ముక్క. దాని చుట్టూ నూలు చీరల ముక్కలు, చొక్కా ముక్కలు, వరుస వరుసగా విస్తరించుకుంటూ అంచుల దాకా పోయాయి. కుట్లు బియ్యపు గింజలంత, అన్నీ ఒకే కొలత. కింద కార్డు: 'అజ్ఞాత కళాకారిణి. సేకరణ: చిలమత్తూరు దగ్గర, ఒక టెంపోలో.'

శంకరప్ప అక్కడ పావుగంట నిలబడ్డాడు. తర్వాత వేదికెక్కి ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

ఆ ప్రసంగం విన్నవాళ్ళు బాగుందనే అన్నారు. నడుమనున్న పట్టు ముక్క ధర్మవరం చేమగ్గం పనేనని, తాను ముట్టుకోకుండానే చెప్పగలనని, నేసిన చెయ్యి సామాన్యమైనది కాదని చెప్పాడు. ఎడమవైపు నీలం చారల ముక్క మీద మబ్బులాంటి మచ్చ ఉందని, అంత రంగుల మధ్య ఆ ఒక్క మచ్చను పెట్టాలని తోచడమే కళ అని వివరించాడు. ఇటువంటి తల్లి ఎక్కడుందో, ఎవరికీ తెలియకుండా ఎంత జీవితం గడిచిపోయిందో అంటూ మైకును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. మొదటి బహుమతి ఆ బొంతకే ప్రకటించాడు.

బహుమతి శాలువా, జ్ఞాపిక. కళాకారిణి అజ్ఞాత అయిపోయింది కాబట్టి ఎవరికివ్వాలన్న సమస్య వచ్చింది. అధ్యక్షుడు నరసింహయ్య పెద్ద మనసుతో లేచి నిలబడ్డాడు. అజ్ఞాత కళాకారిణి తరఫున శాలువా కప్పించుకున్నాడు. కప్పింది శంకరప్ప. ఫొటో తీశారు. మూడో వరుసలో కూర్చున్న గంగాదేవి అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

భోజనాలయ్యాయి. నరసింహయ్య కారు వెళ్ళిపోయింది, శాలువాతో సహా. హాలు పలచబడ్డాక శంకరప్ప తాను గెలిపించిన బొంతను ఇంకోసారి చూద్దామని వచ్చాడు. గంగాదేవి అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఆయన తన ప్రసంగం ఎట్లుండాదని అడిగాడు.

"బాగా చెప్తిరి," అందామె. "అది మన బొంతే."

శంకరప్పకు అర్థం కాలేదు. మన ప్రాంతపు బొంత అనే అభిమానంతో అంటోందనుకుని, అవునవునన్నాడు.

"మన ఇంటి బొంత," అని ఆమె మళ్ళీ చెప్పింది. "నేను కుట్టింది. ఆ మచ్చ మీ జేబులో పెన్ను కారింది. ఎంత ఉతికినా పోలే."

అప్పుడు చూశాడు. నీలం చారల చొక్కా తనదే. షాపు తెరిచిన రోజు తొడుక్కున్నది. మబ్బు అని తాను వర్ణించింది జేబు మీది సిరా మరక. ఆ బొంత కింద తాను ఇరవై ఏళ్ళకు పైగా నిద్రపోయాడు. నాలుగేళ్ళ కిందట షాపుకు కొత్త అద్దాల షోకేసు హిందూపురం నుంచి తెప్పించినప్పుడు, గీతలు పడకూడదని టెంపో డ్రైవరుకు ఇచ్చి పంపింది ఆ బొంతనే. షోకేసు క్షేమంగా వచ్చింది. బొంత రాలేదు. గంగాదేవి రెండుసార్లు అడిగితే, పాతదే కదా అని, ఆన్‌లైన్‌లో మిషన్ కుట్టు రజాయి తెప్పించాడు. ఆమె మూడోసారి అడగలేదు. ఆయన ఆ సంగతి మరిచిపోయాడు.

పరువుగల మనిషి ఇలాంటప్పుడు ఏం చేస్తాడు? నేరుగా పోయి నిర్వాహకుల తప్పు పట్టుకుంటాడు. శంకరప్ప సాహితి దగ్గరికి పోయి, ఇంత పెద్ద ప్రదర్శనలో కుట్టిన మనిషి పేరు లేకపోవడం అన్యాయమని, ఇది తన భార్య పనేనని, కార్డు వెంటనే మార్చాలని గట్టిగా చెప్పాడు.

సాహితి వాదించలేదు. బొంతనూ గంగాదేవినీ మార్చి మార్చి చూసి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. రెండేళ్ళుగా ఈ చేతుల కోసమే వెతుకుతున్నానంది. తర్వాత ఒక ఫారం తెచ్చి శంకరప్పకిచ్చింది. పేరు, ఊరు, కళాకారిణిని గురించి నాలుగు వాక్యాలు. మిగతా అందరి కార్డులూ అలాగే ఉన్నాయి. తెలిసినవాళ్ళు రాసిస్తే గంటలో ప్రింటు తీయించి పెడతానంది.

శంకరప్ప కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, పెన్ను తీశాడు. పేరు: గంగాదేవి. ఊరు: పెనుకొండ. కళాకారిణిని గురించి: 'ఈమె పెనుకొండ పట్టుచీరల వ్యాపారి శ్రీ శంకరప్ప గారి భార్య.'

మొదటి వాక్యం సులువుగానే వచ్చింది.

రెండో వాక్యం 'ఈమె' అని మొదలుపెట్టి ఆగింది. ఈమె ఏమిటి? వంట బాగా చేస్తుంది. అది రాస్తే బాగుండదు. ఏం చదువుకుంది? ఏడో, ఎనిమిదో. కుట్టడం ఎవరు నేర్పారు? ఎప్పుడు కుట్టింది? తాను షాపులో ఉన్న వేళల్లో ఇంట్లో ఏం జరిగేదో ఆయనకు సమాచారం లేదు. వేల మంది ఆడవాళ్ళకు ఏ రంగు నప్పుతుందో చెప్పిన మనిషి, భార్యకు ఏ రంగు ఇష్టమో గుర్తు చేసుకోబోయాడు. వాలంటీరు తెచ్చిపెట్టిన టీ మీద మీగడ కట్టింది. సాయం చేయమన్నట్టు ఆయన గంగాదేవి వైపు చూశాడు. ఆమె వంగి ఆ ఒక్క వాక్యాన్నీ చదివింది.

"పాపా, ఉన్న కార్డే ఉండనీ," అంది సాహితితో. "ఎవరో తెలీదని రాసిండారు కాబట్టి, ఇది ఎవరు కుట్టిందబ్బా అని జనం నిలబడి అడుగుతాండారు. పొద్దున్నుంచీ ఇంటాండా. ఈయన రాసింది పెడితే ఎవరూ అడగరు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే శంకరప్ప బదులు చెప్పగలిగేవాడు.

సాహితి ఫారం మడిచి పక్కన పెట్టింది. "అయితే నేను అడుగుతానమ్మా. ఆ ఆకుపచ్చ ముక్క ఎక్కడిది?"

 గంగాదేవి హాల్లో ఎవరెవరున్నారో ఒకసారి చూసుకుంది.

"మా నాయన చెయ్యి ఇరిగింటే రెండు నెల్లు మగ్గం మీద నేనే కూర్చున్యా. అప్పుడు నేసిన చీర అది. బార్డర్లో ఒక తావ తప్పు పడె, అమ్ముడుపోలే. ఆడపిల్ల మగ్గమెక్కిందంటే సమ్మందం తప్పిపోతాదని మాయమ్మ ఎవరికీ చెప్పనీలే. ఈయన వాళ్ళు చూసేకి వస్తే, మగ్గం కాడ మా అన్నను కూర్చోబెట్టిరి."

నేసిన చెయ్యి సామాన్యమైనది కాదని మైకులో చెప్పిన మనిషి అక్కడే ఉన్నాడు.  సాహితి ఫోన్లో రికార్డింగు పెట్టి, పక్కనున్న పసుపు ముక్క మీదికి వేలు చూపించింది. గంగాదేవి ఆ ముక్క సంగతి మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎరుపుది. పెనుకొండకు పోవలసిన ఐదున్నర బస్సు వెళ్ళిపోయింది. బొంతలో ఇంకా నూట పన్నెండు ముక్కలు మిగిలి ఉన్నాయి. నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన శంకరప్ప కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆయనకు అందులో ఒక్క ముక్కా తెలియదు.