జ్వరం రాని టీకా

బలహీనంగా పుట్టిన ప్రతి శిశువుకూ ఒక్క రోజులోగా ఉచితంగా టీకా వేస్తామని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించాలి. రాసిచ్చిన ప్రసంగంలో అలాగే ఉంది. కానీ చప్పట్లు మోగేసరికి మంత్రిగారి హృదయం ఉప్పొంగిపోయింది.

"రోజు దేనికి? గంటలో వేస్తాం!" అన్నారు.

చప్పట్లు రెట్టింపయ్యాయి.

"గంట కూడా ఎక్కువే. బిడ్డ తొలి ఏడుపు ఆపేలోగా వేస్తాం!"

జనం ఈలలు వేశారు. వెనక కూర్చున్న శాఖ డైరెక్టరు ముందుకు వంగి కోటు అంచు పట్టుకుని లాగకపోతే, పుట్టకముందే వేస్తామని కూడా అనేవారే. అంతటి ప్రజాప్రేమ ఆయనది.

ఆ పథకానికి 'తొలి కవచం' అని పేరు పెట్టింది శాఖ ప్రచార అధికారి. నీళ్లు రాని కుళాయి ముందు దాహం తీరిన ముసలాయన చిరునవ్వును ఫోటో తీయించి, పత్రికల మొదటి పేజీకి ఎక్కించిన ఘనుడాయన. ఇప్పుడు పథకానికి మొదటి లబ్ధిదారును వెతికే బాధ్యత కూడా ఆయన నెత్తినే పడింది.

"బక్కగా ఉండాలి, కానీ ముద్దొచ్చేట్టు ఉండాలి," అన్నారు మంత్రిగారు. "తల్లి పేదరాలై ఉండాలి, కానీ మైకు ఇస్తే ఏడవకూడదు."

మర్నాడు ప్రచార అధికారి పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో తేలాడు. గోడలకు పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు, గాలిలో ఫినాయిల్ వాసన, ఒక్కో మంచం మీద ఇద్దరేసి బాలింతలు. ఆయన మంచం మంచం దగ్గరా ఆగి, తల పక్కకు వాల్చి పిల్లల్ని చూస్తుంటే వార్డు సిస్టర్‌కు అనుమానం వచ్చింది.

"ఏం కావాలి సార్?"

"రెండు కిలోల లోపు బిడ్డ. కళ్లు పెద్దవైతే మంచిది."

"కళ్లు తెరిస్తే కదా సార్ తెలిసేది!"

మూలమంచం మీద బిడ్డ అదే క్షణంలో కళ్లు తెరిచాడు. పిడికెడంత ఉన్నాడు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే అమ్మాయి. పక్కనే స్టూలు మీద వాడి అమ్మమ్మ, ఎవరు దగ్గరికొచ్చినా కరిచేట్టు కాపలా కాస్తోంది.

"అదృష్టవంతులమ్మా మీరు. మీవాడే మొదటి లబ్ధిదారు," అన్నాడు అధికారి.

"అంటే ఏమిస్తారు?" అంది అమ్మమ్మ.

"టీకా."

"అది అందరికీ వేస్తారుగా?"

"మీవాడికి స్వయంగా మంత్రిగారు వేస్తారు."

"ఆయనకి సూది వెయ్యడం వచ్చా?"

"ఆయన చెయ్యి పెడతారమ్మా. మిగతాది సిస్టర్ చూసుకుంటుంది."

అప్పటికే సిస్టర్ ట్రే పట్టుకుని వచ్చింది. కొత్త పథకం వచ్చింది కాబట్టి పాత పథకం రద్దయింది. పాత సరుకులో మిగిలిన ఆఖరి సీసా ఆ ట్రేలో ఉంది. ఆమె వరసగా పిల్లలకు వేసుకుంటూ మూలమంచం దగ్గరికి రాగానే ప్రచార అధికారి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వీడికి వద్దు. మంత్రిగారి కోసం ఆపాం."

"సార్, బక్కపిల్లాడు. ఇలాంటివాళ్లకే ముందుగా వెయ్యాలి."

"అందుకేగా ముందుగా వీణ్ని ఎంపిక చేసింది!"

సిస్టర్ ట్రే తీసుకుని పక్క మంచానికి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి వార్డులో అందరూ వాణ్ని మంత్రిగారి బుడ్డోడు అని పిలవసాగారు.

సభ ఆ వారమే జరగాలి. అయితే బ్యానరు మీద మంత్రిగారి పక్కన ముఖ్యమంత్రిగారు కాస్త పొట్టిగా పడ్డారు. బ్యానరు మార్చేసరికి వేదిక ఎండకు ఎదురుగా ఉందని తేలింది. వేదిక తిప్పేసరికి మంత్రిగారు విదేశం వెళ్లవలసి వచ్చింది. పేద దేశాల్లో పసిపిల్లలకు టీకాలు వేళకు ఎందుకు అందడం లేదన్న అంశం మీద అక్కడో సదస్సు జరుగుతోంది. అందులో ఆయన ప్రసంగం విని ప్రతినిధులు కంటతడి పెట్టుకున్నారని ప్రచార అధికారి ఇక్కణ్నుంచే పత్రికలకు తెలియజేశాడు.

ఈలోగా ఇంటికి చేరిన బుడ్డోడు ప్రభుత్వంతో సంప్రదించకుండా పెరగసాగాడు.

ఒకరోజు ప్రచార అధికారి వాళ్లింటికి వెళ్లి వాణ్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. బుగ్గలు వచ్చాయి. మణికట్టు దగ్గర మడతలు కూడా వచ్చాయి.

"ఏం పెడుతున్నారమ్మా వీడికి?" అన్నాడు దిగులుగా.

"పాలే సార్. ఇంకేం పెడతాం?" అంది తల్లి.

"కొంచెం చూసి పట్టండమ్మా. పథకం రెండు కిలోల లోపు వాళ్లకి."

లోపలి నుంచి అమ్మమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "బిడ్డ నోరు కట్టమంటావా? ముందు మీ మంత్రిని తూకం వేసి రా పో, ఫోటో సారూ!"

తల్లి ఆమెను ఆపి, గొంతు తగ్గించి అంది: "సార్, పక్క వాటాలో పాపకి కోరింత దగ్గు. గోడ ఇవతలికి వినిపిస్తోంది. వీణ్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్తే, సరుకు రాలేదు, అయినా మీవాడు మంత్రిగారి వాడు, మేం ముట్టుకోకూడదు అంటున్నారు. ఎప్పుడు వేస్తారు సార్?"

నిజంగానే గోడ అవతల ఎవరో పసిపిల్ల దగ్గుతోంది. దగ్గి దగ్గి, ఊపిరి అందక, కూతపెట్టినట్టు గాలి లాగుతోంది. ప్రచార అధికారి ఆ గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు అలవాటైన శబ్దాలన్నీ చప్పట్లే. బుడ్డోడు ఈ సందులో ఆయన మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు తాడు పట్టుకుని వదలలేదు. ఒక్కో వేలూ విడదీసుకుని బయటపడేసరికి ఆయనకు చెమటలు పట్టాయి.

నేరుగా డైరెక్టరు గదికి వెళ్లాడు.

"సార్, టీకాల సరుకు ఎప్పుడొస్తుంది?"

"తొందరేముందయ్యా! ప్రారంభోత్సవం మొదటి దశ. టీకాలు రెండో దశ."

"మరి ప్రారంభోత్సవంలో ఏం వేస్తారు సార్?"

"ఫోటో వేస్తారు. పేపర్లో."

ఇలాంటి జవాబులు సర్వీసంతా తానే ఇస్తూ వచ్చినవాడు కాబట్టి, ఆయనకు వెంటనే అర్థమైపోయింది. మామూలుగా అయితే నవ్వేవాడు. ఆ రోజు ఎందుకో నవ్వు రాలేదు.

చివరికి సభ జరిగింది. వేదిక, బ్యానరు, ఎండ, ముఖ్యమంత్రిగారి ఎత్తు, అన్నీ కుదిరాయి. బుడ్డోడి ఒళ్లు కనబడకుండా ప్రచార అధికారి వాడికి తెల్లటి తువ్వాలు చుట్టబెట్టాడు. మంత్రిగారు వాణ్ని ఎత్తుకోబోయి ఒక్క క్షణం తడబడ్డారు.

"బక్కపిల్లాడన్నారే! వీడు నా చెయ్యి విరిచేట్టున్నాడు."

మైకు ఆన్‌లోనే ఉంది. జనమంతా విన్నారు. ప్రచార అధికారి రెప్పపాటులో అందుకున్నాడు.

"తమరు పథకం ప్రకటించగానే కోలుకున్నాడు సార్!"

సభ దద్దరిల్లింది. సిస్టర్ తల దించుకుని సిరంజి తెచ్చింది. మంత్రిగారు ఆమె చేతి మీద చెయ్యి వేశారు. కెమెరాలు తళుక్కుమన్నాయి. బుడ్డోడు ఆ వెలుగులు చూసి బోసినోటితో పకపకా నవ్వాడు.

మర్నాటి పత్రికలన్నింటిలో ఆ నవ్వే. 'నొప్పి లేని టీకా' అని శీర్షిక. ప్రతిపక్ష పత్రిక కూడా ఆ ఫోటో వేయకుండా ఉండలేకపోయింది.

కానీ సభ ముగిసిన నిమిషంలోనే, వేదిక మెట్ల కింద, తల్లి ప్రచార అధికారిని పట్టుకుంది.

"సార్, వేశారా?"

ఆయన మెడలో గుర్తింపు కార్డు సర్దుకున్నాడు.

"సూది గుచ్చితే నవ్వే పిల్లాణ్ని ఈ వయసుకి నేనెక్కడా చూళ్లేదు," అంది వెనక నుంచి అమ్మమ్మ. ఈసారి గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

దేశం మొత్తానికి మొహమాటం లేకుండా అబద్ధం చెప్పగలిగిన మనిషి, ఆ ఇద్దరి ముందు బూట్ల వంక చూసుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకుని గొణిగాడు.

"వంతెన అవతల ట్రస్టు క్లినిక్ ఉందమ్మా. రేపు పొద్దున్నే వెళ్లండి. అక్కడ నిజంగా వేస్తారు."

ఆయన జీవితంలో పత్రికలకు అందని ప్రకటన అదొక్కటే.

తల్లి మర్నాడే వెళ్లింది. అక్కడ బుడ్డోడికి తప్పిపోయిన టీకాలు, ఆ వయసుకు వేయవలసినవి, అన్నీ వేశారు. క్లినిక్ కప్పు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. ఒకపూట ఒళ్లు వెచ్చబడొచ్చు, అది మామూలే, కంగారుపడొద్దని చెప్పి పంపారు. అన్నట్టుగానే సాయంత్రానికి వెచ్చబడింది. అమ్మమ్మకు పట్టరాని సంతోషం కలిగింది. "మావాడికి జ్వరం వచ్చిందోయ్! అసలైన టీకా పడింది!" అని వీధి కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. అందరిలో ఒక విలేకరి కూడా ఉన్నాడు.

'మంత్రి టీకాతో పసివాడికి జ్వరం' అని వార్త వచ్చింది. అప్పటికే బుడ్డోడు జ్వరం తగ్గి హాయిగా పాలు తాగుతున్నాడు. జ్వరం మంత్రిగారికి వచ్చింది. ప్రతిపక్షం ధర్నాకు దిగింది. విచారణ సంఘం వేశారు. ఆ సంఘం వంతెన అవతలికి కూడా వెళ్లి వచ్చి, సత్వరమే సత్యాన్ని కనుగొంది. దాన్ని ప్రచార అధికారి తన చేతులతోనే పత్రికలకు రాశాడు: 'సదరు జ్వరం వేరొక టీకా వల్ల వచ్చినది. ప్రభుత్వం వేసిన టీకాకు జ్వరం తెప్పించే శక్తి ఏమాత్రం లేదని శాస్త్రీయంగా రుజువైనది.'

ప్రభుత్వ ప్రతిష్ఠ నిలబడింది. ధర్నా చేసినవాళ్లు క్షమాపణ చెప్పారు.

ఆ సాయంత్రం మంత్రిగారు ప్రచార అధికారిని ఒంటరిగా పిలిపించారు. తలుపు మూయమన్నారు.

"ఆ అమ్మాయికి వంతెన అవతలి క్లినిక్ సంగతి చెప్పింది నువ్వేనటగా?"

"పొరపాటైపోయింది సార్."

"అది సరే. ఆ అడ్రసు నాకూ చెప్పు." మంత్రిగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "నిన్న రాత్రి మా కోడలికి మగపిల్లాడు పుట్టాడు. నెలలు నిండకుండానే. మరీ బక్కగా ఉన్నాడు."

ప్రచార అధికారి ఊపిరి పీల్చుకున్నాడు. ప్రాణం లేచివచ్చింది. పాత అలవాటు కూడా లేచివచ్చింది.

"శుభం సార్! వేదిక వేయించమంటారా? ఫోటోగ్రాఫర్లకు కబురు పెట్టమంటారా?"

మంత్రిగారు ఆయన వంక నమ్మలేనట్టు చూశారు.

"నీకేమైనా మతిపోయిందా? పసివాడయ్యా!"