ఎడమవైపు మర్యాద

ఆ ఉదయం సీనియర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తల కాస్త ఎడమకు తిప్పాలి. కుడి చెంప ముందుకు రావాలి. పెదవుల మీద చిరునవ్వు చెదరకూడదు. అద్దం ముందు నిలబడి అదే సాధన చేస్తున్నాడు. తల తిప్పితే నవ్వు పోతోంది, నవ్వు నిలిపితే తల మళ్ళీ మొదటికి వస్తోంది.

లిఫ్టులు అమ్మే కంపెనీలో అందరికంటే పాతవాడు కాబట్టి ఆఫీసులో అతన్ని సీనియర్ అనేవారు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి అతనే. ఇంతవరకు ఏ పరీక్షా తప్పలేదు. కూర్చుని శ్రద్ధగా చదివితే రానిది లేదని అతని గట్టి నమ్మకం. ఈ మధ్య అతను చదువుతున్నది మాత్రం పుస్తకాన్ని కాదు, పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషిని.

ఆ మనిషిని అందరూ ముత్యం అంటారు. ఎప్పుడు చూసినా కడిగిన ముత్యంలా ఉంటాడని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరది. సీనియర్ కంటే ఎన్నో ఏళ్ళ తర్వాత చేరాడు. అయినా లిఫ్టు కొనడానికి వచ్చినవాళ్ళందరూ "ఆ మర్యాదస్తుడు ఉన్నాడా?" అని అతన్నే అడుగుతారు. సీనియర్‌కు ఒళ్ళు మండేది అక్కడే. లిఫ్టు తాడు మందం దగ్గర నుంచి తలుపు మూసుకునే వేగం దాకా తను గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు. ముత్యం ఏం చెప్తాడు? ఏమీ చెప్పడు. వింటాడంతే. వినడం కూడా ఒక గొప్పేనా?

కుళ్ళుకుని లాభం లేదని సీనియర్ ఆ వినడంలోని కిటుకేమిటో గమనించడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళకు ముత్యం ఎప్పుడూ ఎడమవైపే నడుస్తాడు. వాళ్ళు మాట్లాడుతుంటే తల తిప్పి చెంప అప్పగిస్తాడు. అందరిలా కళ్ళలోకి చూడడు, పెదవుల వైపు చూస్తాడు. వాళ్ళన్న మాటే మళ్ళీ అంటాడు. "ఆరంతస్తులన్నారు కదండీ? ఆరు." ఇక సీనియర్‌ను అన్నిటికంటే కుంగదీసింది ఇంకొకటి ఉంది. వెనక నుంచి ఎవరు పిలిచినా ముత్యం వెంటనే తిరగడు. సాక్షాత్తు మేనేజరు పిలిచినా సరే, రెండు మూడుసార్లు పిలిపించుకుని అప్పుడు నిదానంగా, నవ్వుతూ తిరుగుతాడు. తనైతే పేరులో సగం చెవిన పడగానే కుర్చీ తన్నేసి లేస్తాడు.

"పెద్ద పెద్ద చోట్ల నేర్పే మర్యాద ఇదన్నమాట. మన కాలేజీలో చెప్పలేదు" అనుకున్నాడు సీనియర్.

ఈ రోజు హెడ్డాఫీసు నుంచి డైరెక్టర్ మేడమ్ వస్తున్నారు. వీధి వైపున కొత్తగా కట్టించిన అద్దాల గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళతో మాట్లాడే అధికారిని ఎంపిక చేస్తారు. ఉన్నది ఒకటే గది, ఒకటే కుర్చీ. ఆ కుర్చీలో కొడుకు కూర్చుంటే వీధిలో నిలబడి ఒక్కసారి చూసుకోవాలని అతని తల్లి కోరిక.

ఆ తల్లే ఇప్పుడు గుమ్మంలో నిలబడి అతన్ని వింతగా చూస్తోంది.

"ఏరా, మెడ పట్టేసిందా?"

"కాదమ్మా, సాధన చేస్తున్నాను."

"ఏం సాధన?"

"మర్యాద."

"మర్యాదకు మెడ ఒంకర పోవడమేమిట్రా? అమ్మాయ్, ఆ నొప్పుల మందు ఇలా తీసుకురా!"

మందు సీసాతో భార్య వచ్చింది. "వారం నుంచీ ఇంతే అత్తయ్యా. నేను మాట్లాడుతుంటే నా మూతి వంకే చూస్తున్నారు. ఏమైనా అంటుకుందేమోనని నిన్న రెండుసార్లు మొహం కడుక్కున్నాను. పైగా ఎన్నిసార్లు పిలిచినా పలకరు."

"అయ్యో! పిలిస్తే కూడా పలకడం లేదా?"

"అది పెళ్ళైనప్పటి నుంచీ ఉన్నదేలెండి."

సీనియర్ వద్దు వద్దంటున్నా తల్లి వదల్లేదు. సీసాలో ఉన్న సగం మందు మెడకు, మిగతా సగం చెవుల వెనక్కి పట్టించింది. ఇస్త్రీ చొక్కా, కొత్త టై, వాటి పైన కళ్ళు మండించే ఘాటు. ఆ అవతారంలోనే అతను ఆఫీసుకు బయలుదేరాడు.

డైరెక్టర్ మేడమ్ అనుకున్న వేళకే దిగారు. మేనేజరు ఎదురెళ్ళి తీసుకొచ్చాడు. గుమ్మం దగ్గర ముత్యం, సీనియర్ నిలబడి ఉన్నారు. ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే ముత్యం మెల్లగా ఆవిడ ఎడమవైపు చేరాడు. సీనియర్ కూడా ఎడమవైపే చేరాడు. ఇద్దరి భుజాలూ ఢీకొన్నాయి. ముత్యం మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేసి, ఆవిడ వెనక నుంచి చుట్టి మళ్ళీ ఎడమవైపుకే వచ్చాడు. ఇలా చుట్టి రావడం కూడా మర్యాదలో భాగమే కాబోలని సీనియర్ కూడా ఒక చుట్టు చుట్టాడు. వరండా పొడుగునా ఆవిడ నడుస్తూనే ఉన్నారు, ఇద్దరు మగవాళ్ళు ఆవిడ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

"ఏమిటండీ ఇది? నా వెనక ఏమైనా పడిపోయిందా?" అని ఆవిడ ఆగి చూసుకున్నారు.

"ఏం లేదు మేడమ్, ఉత్సాహం" అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ.

హాల్లో మధ్యన ఒక నమూనా లిఫ్టు ఉంది. అది ఎక్కడికీ కదలదు. తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, లోపల దీపం వెలుగుతుంది. దాని ముందు నిలబడి మేడమ్ సీనియర్‌కు మొదటి ప్రశ్న వేశారు.

"ఈ నెలలో కస్టమర్లు ఎక్కువగా ఏం అడుగుతున్నారు?"

సీనియర్ తల ఎడమకు తిప్పాడు. చెంప అప్పగించాడు. కంటి కొసల నుంచి ఆవిడ పెదవుల వంకే చూస్తూ, "ఏం అడుగుతున్నారన్నారు కదండీ? ఏం అడుగుతున్నారు" అన్నాడు.

"అదే, మిమ్మల్నే అడుగుతున్నాను."

"నన్నే అడుగుతున్నానన్నారు. నన్నే."

మేడమ్ అతని చూపు ఎక్కడుందో గమనించారు. చేతిరుమాలుతో పెదవులు తుడుచుకున్నారు. సీనియర్ చూపు అక్కడి నుంచి కదలలేదు. ఆవిడ సంచిలోంచి చిన్న అద్దం తీసి మొహం చూసుకున్నారు. అద్దంలో ఏమీ కనిపించకపోయేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది. మేనేజరు మొహం తెల్లబడింది. ముత్యం మొహం మరీ పాలిపోయింది. అతను కళ్ళార్పకుండా సీనియర్‌నే చూస్తున్నాడు. అది చూసి సీనియర్‌కు కడుపు చల్లబడింది. 'చూడు నాయనా, నీ విద్యే' అనుకుని, ఇక చివరి అస్త్రం వెయ్యడానికి వెనక్కి తిరిగి నమూనా లిఫ్టు వైపు నడిచాడు.

"ఏవండీ" అన్నారు మేడమ్ వెనక నుంచి.

సీనియర్ తిరగలేదు.

"ఏవండీ, మిమ్మల్నే!"

సీనియర్‌ను ఇన్నేళ్ళ అలవాటు కుర్చీ తన్నమంటోంది. అక్కడ కుర్చీ లేదు కాబట్టి ఎలాగో నిలదొక్కుకున్నాడు. మేనేజరు పరుగెత్తుకొచ్చి చెవి దగ్గర కేక పెట్టాడు. "ఏమయ్యా! మేడమ్ పిలుస్తుంటే వినపడటం లేదా?"

సీనియర్ అప్పుడు తిరిగాడు. నిదానంగా, నవ్వుతూ.

మేడమ్ అతని వైపే చూస్తున్నారు. ఆవిడ మొహంలో కోపం కొంచెం కొంచెంగా కరిగిపోయింది. దగ్గరికి వచ్చి, ఒక్కో మాటా విడదీసి, గట్టిగా అడిగారు.

"మీకు వినికిడి ఇబ్బంది ఉందా? మా నాన్నగారూ అచ్చం ఇలాగే తల తిప్పేవారు. సిగ్గుపడకండి."

సీనియర్‌కు అప్పుడర్థమైంది తనెక్కడ ఇరుక్కున్నాడో. లేదంటే, డైరెక్టర్ మేడమ్ మూతి వంక ఊరికే చూసినట్టు, ఆవిడ పిలిస్తే కావాలనే పలకనట్టు. ఉందంటే, ఉన్నట్టు. అటు ఉద్యోగం, ఇటు చెవులు.

"కొంచెం... మేడమ్" అన్నాడు. అదే సమయానికి చెవుల వెనక మందు ఘాటు కళ్ళకెక్కి నీళ్ళు జలజలా కారాయి.

మేడమ్ గుండె కరిగిపోయింది. "ఏడవకండి. ఇంత నిజాయితీగా ఒప్పుకునే మనిషే ఆ గదిలో కూర్చోవాలి" అన్నారు మేనేజరుతో. అద్దాల గది తలుపు తనంతట తానే తెరుచుకున్నట్టనిపించింది సీనియర్‌కు. వీధిలో నిలబడిన తల్లి కూడా కనిపించింది.

అంతలో వెనక నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"మేడమ్, నాకు కూడా."

ముత్యం ముందుకు వచ్చాడు. "ఎడమ చెవి బొత్తిగా వినపడదండి. ఒక్క చెవితో పిలుపు ఎటు నుంచి వచ్చిందో పోల్చుకోలేను. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఇన్నాళ్ళూ దాచాను. అన్నగారు ఇందాక తల తిప్పుతుంటే నన్నే వెక్కిరిస్తున్నారనుకున్నాను. మన్నించండి అన్నగారూ. ఇంతమందిలో మీరు ధైర్యంగా ఒప్పుకున్నాక నాకు దాచాలనిపించలేదు."

సీనియర్‌కు ముందు సిగ్గు కలగాలి. ముందు కలిగింది మాత్రం కోపమే. 'చెవుడు కూడానా! నాకంటూ ఒక చెవుడు దొరికితే దానికి కూడా వీడు పోటీకొచ్చాడా!' ఆ తర్వాత ఎడమవైపు నడక, చెంప అప్పగించడం, పెదవుల మీద చూపు, పలకని పిలుపులు ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడ్డాయి. ఇన్నాళ్ళు రాత్రనక పగలనక తను చదివింది మర్యాదను కాదు, ముత్యం ఎడమ చెవిని.

"ఇద్దరికీ రేపే చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించండి. ఏ సాయం కావాలన్నా కంపెనీ చేస్తుంది. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ తర్వాత చూద్దాం" అన్నారు మేడమ్.

ఇంటికెళ్ళి సీనియర్ సంగతంతా చెప్పాడు. భార్య నవ్వు ఆపుకుని అంది. "ఇందులో కష్టమేముందండీ? శబ్దం వినపడినా వినపడనట్టు ఊరుకోండి. ఇంట్లో చేసే పనేగా."

మర్నాడు అతను అదే నిశ్చయంతో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మెత్తటి గోడల చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికొక మీట ఇచ్చింది పరీక్ష చేసే అమ్మాయి.

"శబ్దం వినపడగానే నొక్కండి సార్. వినపడకపోతే ఊరుకోండి."

ఊరుకోవాలనే వచ్చాడు. కానీ ఊరికే ఉండలేక ఒక మాట అడిగాడు. "నాకంటే ముందు వచ్చినాయన ఎలా రాశాడమ్మా?"

"రాయడమేముందండీ ఇందులో! ఎడమది పాపం పనిచెయ్యదు గానీ, ఆయన కుడి చెవి బ్రహ్మాండం. అంత సన్నటి శబ్దం పట్టినవాళ్ళను ఈ మధ్య నేను చూడలేదు."

సీనియర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మొదటి శబ్దం వచ్చింది. వేలు బిగపట్టాడు. రెండోది వచ్చింది. ముత్యం దీన్ని నొక్కే ఉంటాడు. మూడోది ఇంకా సన్నగా, దూరంగా, దోమ ఆవలించినట్టు వచ్చింది. దీన్ని కూడా నొక్కాడా వాడు? ఒక్క చెవితో వాడు నొక్కింది, రెండు చెవులున్న తను వదిలెయ్యాలా? పుట్టి బుద్ధెరిగి పరీక్ష తప్పని మనిషి తను!

నొక్కాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి శబ్దాన్నీ వేటాడి మరీ నొక్కాడు. రెండుసార్లయితే శబ్దం రాకముందే నొక్కాడు.

డాక్టరు ఆశ్చర్యంగా బయటికి వచ్చాడు. "మీకు చెవుడని ఎవరన్నారండీ? ఇలాంటి చెవులు గబ్బిలాలకుంటాయి."

"ఆయన కంటే ఎక్కువేనా?"

"ఎక్కువే. రెండూ ఎక్కువే."

సీనియర్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు మెట్లు దిగేదాకా ఉంది. చివరి మెట్టు మీద ఫోను మోగింది. డాక్టరు అప్పటికే మేడమ్‌కు చెప్పేశాడు.

"మీ చెవులు బాగున్నాయట, సంతోషం. మరి నిన్న నేను పిలిస్తే?"

సీనియర్ ఫోనును ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"వినపడుతోందా?"

"వినపడుతోంది మేడమ్."

"అయితే వినండి. నిజం చెప్పినవాడు అద్దాల గదిలో కూర్చుంటాడు. మన కంపెనీలోకల్లా మంచి చెవులు మీవి కాబట్టి, రేపటి నుంచి ఫిర్యాదుల ఫోను మీరు ఎత్తండి."

కొన్నాళ్ళకు తల్లి నిజంగానే వచ్చింది. వీధిలోంచి అద్దాల గదిని చూసి, పక్కకు తొంగి చూసి, ఫోను దగ్గరున్న కొడుకును కనిపెట్టింది. "గది లేకపోతేనేం రా, జనమంతా నీతోనే మాట్లాడుతున్నారు!" అని మురిసిపోయింది. ఆ క్షణాన అంతస్తుల మధ్య లిఫ్టులో చిక్కుకున్న ఒక పెద్దమనిషి సీనియర్ వంశం మొత్తాన్ని పేరు పేరునా పలకరిస్తున్నాడు.

ముత్యానికి ఇప్పుడు చెవి వెనక చిన్న యంత్రం వచ్చింది. ఎడమవైపు, కుడివైపు అన్న పట్టింపు లేదు. మొదటి పిలుపుకే తిరుగుతాడు. మేనేజరు అద్దాల గదిలోకి వెళ్ళి చేతులు ఊపుతూ అరవడం మొదలుపెట్టగానే మాత్రం, అతను కుడి చెవిని అరచేతికి ఆనించుకుంటాడు, ఎడమ చేతి వేలు మెల్లగా ఎడమ చెవి వెనక్కి వెళ్ళి చిన్న మీట నొక్కి యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ తర్వాత ఎంతసేపైనా నవ్వుతూ తల ఊపుతాడు. ఫోను చెవికి ఆనించుకుని సీనియర్ అద్దంలోంచి అదంతా చూస్తుంటాడు. వాడికున్న సుఖం చూడు!

అతని చెయ్యి కూడా దానంతటదే చెవి వెనక్కి వెళ్ళింది. ఎంత తడిమినా అక్కడ చెవే ఉంది.