పియానో వాయించింది ఎవరు?

ఆ ఆదివారం పొద్దున్న డాక్టరుగారు చేయవలసిన పని ఒక్కటే. పెరట్లో తెగిపోయిన బట్టల తీగ మళ్ళీ కట్టాలి. భార్య ఆ మాట వారం రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతోంది. ఆయన చెవుల డాక్టరు. ఊళ్ళో అందరి చెవులూ బాగుచేస్తారు గానీ, ఇంట్లో మాట మాత్రం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు.

"కాఫీ తాగగానే కట్టేస్తాను," అన్నారు. కాఫీ తాగారు. తీగచుట్ట భుజాన వేసుకుని లేచారు కూడా. దారిలో రికార్డుల గది అడ్డం వచ్చింది.

జాజ్ సంగీతమంటే ఆయన చెవి కోసుకుంటారు. వినడంతో సరిపెట్టుకుంటే భార్య ఎలాగో సర్దుకుపోయేది. ఆ పాత రికార్డుల మీద బృందం నాయకుడి పేరు తప్ప తక్కినవాళ్ళ పేర్లు చాలాసార్లు ఉండవు. డ్రమ్స్ ఎవరు కొట్టారు, వెనకాల ట్రంపెట్ ఎవరు ఊదారు అని ఆరా తీయడం డాక్టరుగారి అసలు జబ్బు. ఊదే ముందు ఊపిరి పీల్చిన చప్పుడు వింటే చాలు, మనిషిని పట్టేస్తానని ఆయన ధీమా.

ఈమధ్య పాత సామాన్ల దుకాణంలో ఒక రికార్డు దొరికింది. అంతా పియానోయే. దాని మీద నాయకుడి పేరు కూడా చెరిగిపోయింది. దుకాణంలో విన్నప్పుడు చప్పగా ఉంది. ఇంటికి తెచ్చి నాలుగైదుసార్లు పెట్టేసరికి ప్రాణం లేచి వచ్చింది. అంతా తన స్పీకర్ల గొప్పతనమేనని మురిసిపోయి, ఆ వారమంతా పొద్దున్నా సాయంత్రం అదే మోగించారు.

పియానో ఎవరిదో పాత రికార్డుల సంఘం వాళ్ళని అడుగుదామని ఆ ఆదివారం బుద్ధి పుట్టింది. కంప్యూటరుకి కలిపే వైరు పాడయింది కాబట్టి, ఫోనును స్పీకరు ముందు పూలకుండీకి ఆనించి రికార్డు చేసి వాళ్ళకి పంపారు. తీగ సంగతి తీగతోపాటే కుర్చీ మీద ఉండిపోయింది. పక్క గదిలో భార్య, ఆరేసే దారి లేక, సగం తడిబట్టల్ని ఇస్త్రీపెట్టెతోనే ఆరబెడుతోంది.

సాయంత్రానికి సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశారు. ఆయన రిటైరైన జడ్జి.

"డాక్టరుగారూ, పియానోతోపాటు ఎవరో కూనిరాగం తీస్తున్నారు. విన్నారా?"

డాక్టరుగారు ఉండమని, తన ఫోన్‌లోని రికార్డింగు పెట్టి విన్నారు. నిజమే. పియానో వాయించేవాళ్ళలో కొందరు తమకు తెలియకుండానే గొంతు కలుపుతారు. ఆ గొంతును బట్టే మనిషిని గుర్తుపట్టడం ఈ విద్యలో పెద్ద మెట్టు.

"ఆడగొంతు సార్!"

"అదే నేనూ అంటున్నా. పియానో వాయించింది ఆడమనిషి. పేరు వెయ్యకుండా తొక్కేశారు. ఎంత అన్యాయమండీ!" తీర్పు చెప్పి చాలాకాలమైన జడ్జిగారికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

సంఘంలో ఇంకొకావిడ ఉన్నారు. కాలేజీలో సంగీతం చెబుతారు, అందరూ సంగీతం మేడమ్ అంటారు. రికార్డింగు విని, మధ్యమధ్య వినిపిస్తున్న 'ధబ్' మన్న చప్పుడు ఎడమకాలితో వేస్తున్న తాళమని తేల్చింది ఆవిడే. చివర్లో తుమ్ము లాంటిది వినగానే కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ చర్చల్లో బుధవారానికల్లా ఆ అజ్ఞాత కళాకారిణి కటిక పేదరాలైంది. శుక్రవారానికి మొగుడు ఆమెను పట్టించుకోవడం మానేశాడు. మళ్ళీ ఆదివారానికి, ముప్పయ్యేళ్ళు నిండకుండానే, ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసింది. విదేశాల సంఘాలన్నిటికీ ఈ సంగతి రాయాలని, కనిపెట్టిన ఘనత డాక్టరుగారికి ఇవ్వాలని నిర్ణయం అయిపోయింది.

డాక్టరుగారు గాల్లో తేలిపోతున్నారు. అన్నం తింటున్నా ఫోను పక్కనే, ఆ గొంతు మోగుతూనే.

"ఏం గొంతు! తీసేది కూనిరాగమే అయినా ఎంత ఆప్యాయంగా ఉందో విన్నావా?"

"ముక్కుతో పాడుతోంది," అంది భార్య. "పైగా అపశ్రుతి."

"నీకేం తెలుసు? ఇలాంటి గొంతు పక్కన ఒక్కరోజు బతికితే చాలు, జన్మ ధన్యమైనట్టే."

భార్య గరిటె గిన్నెలో పడేసి లేచి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో తన గురించి ఈయన ఇంత ముచ్చటగా ఒక్క మాట అన్న పాపాన పోలేదు. పాత రికార్డులోని ముక్కూమొహం తెలియని మనిషి మీద కుళ్ళుకోవడమేమిటని తనకే సిగ్గేసింది, కానీ ఏడుపు ఆగలేదు. ఆ రోజునుంచి మూతి ముడుచుకుంది. అడిగిన దానికి "ఊఁ", అడగనిదానికి అదీ లేదు. బట్టలు కూడా ఇస్త్రీ దుకాణానికి వెళ్ళిపోయాయి.

చిత్రంగా, ఆ రోజునుంచే డాక్టరుగారికి రికార్డులు రుచించడం మానేశాయి. ఏది పెట్టినా ఉప్పులేని కూరలాగుంది. రికార్డు ప్లేయరు సూది మార్చారు. స్పీకర్లు జరిపారు. చివరికి మెకానిక్కుని పిలిపించారు. అతను అన్నీ విప్పి, మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

"మిషన్ బ్రహ్మాండంగా ఉంది సార్. ఓసారి చెవులు చూపించుకోండి."

ఉత్తరాలు వెళ్ళే ముందు అసలు రికార్డు వినాలని జడ్జిగారు, సంగీతం మేడమ్ ఇంటికి వచ్చారు. డాక్టరుగారు ఒళ్ళు దగ్గర పెట్టుకుని సూది దించారు. పియానో మొదలైంది. పియానో సాగింది. పియానో అయిపోయింది. కూనిరాగం లేదు, తాళం లేదు, తుమ్మూ లేదు.

తిరగేసి పెట్టారు. అటువైపూ అంతే.

"రికార్డు మార్చారా?" అన్నారు జడ్జిగారు.

"నాకేం ఖర్మ సార్? ఇదే రికార్డు!"

"ఫోన్‌లో ఒకటి, ఇక్కడ ఒకటి. ఇలాంటి దొంగసాక్ష్యాలు నేను బోలెడు చూశానండీ."

"నేను ఆమె కోసం ఏడ్చానండీ, డాక్టరుగారూ," అన్నారు సంగీతం మేడమ్. ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

డాక్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎవరు ట్రంపెట్ ఊదారన్న విషయం మీద పూటంతా తనతో వాదించేవాళ్ళు ఈ ఊళ్ళో వీళ్ళే. వీళ్ళు తనను మోసగాడనుకుని లేచి వెళ్ళిపోతే, ఇక ఆ మాటలు చెప్పుకోవడానికి గోడలే మిగులుతాయి.

కాఫీలు తెచ్చిన భార్య ఆ మొహం చూసింది. పరాయివాళ్ళ ముందు దోషిలా నిలబడిన మొగుణ్ణి చూసేసరికి ఆవిడ కోపం నీరుకారిపోయింది. ఏదో చెప్పి ఆదుకోవాలనిపించింది గానీ, ఏం చెప్పాలో తోచలేదు. కాలూ చెయ్యీ ఆడనప్పుడు ఏదో ఒక పని పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. పక్క గదిలోకి పోయి, దొరికిన దుప్పటి తడిపి పరిచి, ఇస్త్రీపెట్టె వేడిచేసింది.

"ఒక్కసారి, ఇంకొక్కసారి వినండి," అని డాక్టరుగారు మళ్ళీ సూది దించారు.

పియానో మొదలైంది. కాసేపటికి దాని వెనకనుంచి సన్నగా కూనిరాగం.

"అదిగో!" జడ్జిగారు కుర్చీలోంచి లేచారు.

ధబ్.

"ఎడమకాలు!" అన్నారు సంగీతం మేడమ్. వెంటనే తుమ్ము వినిపించింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "పాపం, ఊపిరితిత్తులు..."

రికార్డు అయిపోయింది. సూది లేచి పక్కకి వెళ్ళింది. కూనిరాగం మాత్రం ఇంకో చరణం సాగింది.

ముగ్గురూ మెల్లగా గుమ్మం వైపు తిరిగారు. అవతల భార్య ఇస్త్రీపెట్టె ధబ్బున పక్కన పెట్టి తలెత్తింది.

"ఏమైంది? ఇంకొంచెం కాఫీ కావాలా?"

"వదినగారూ, మీరు పాడుతున్నారు," అన్నారు సంగీతం మేడమ్.

"నేనా? నేనెప్పుడు పాడానండీ?"

డాక్టరుగారు ఫోన్‌లో ఉన్నది వినిపించారు. ఆవిడ మొదట ఫోను వైపు, తరవాత ఇస్త్రీపెట్టె వైపు చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది నా మీదేనా?"

డాక్టరుగారు తేలు కుట్టిన దొంగలా సణిగారు. "ఎవరి గొంతు వాళ్ళకి బయటనుంచి వింటే కొత్తగానే ఉంటుంది. గుర్తుపట్టలేరు. వైద్యశాస్త్రంలో ఉంది."

"అది నా సంగతి. మరి మీకేమైందండీ?"

జడ్జిగారు ఫ్యాను రెక్కల్ని శ్రద్ధగా పరిశీలించసాగారు.

డాక్టరుగారు ఫోన్‌లో మోగుతున్నది ఆపేశారు.

"స్పీకర్లు పాడయ్యాయనుకున్నాను," అన్నారు. "నువ్వు అలిగినప్పటినుంచి ఒక్క రికార్డూ వినబుద్ధి కాలేదు. పెళ్ళైనప్పటినుంచి నేను విన్న ప్రతిదాంట్లోనూ నువ్వు ఉన్నావే. నువ్వు లేకుండా ఎప్పుడైనా వింటేగా, నీ గొంతు విడిగా తెలియడానికి!"

ఆవిడ దుప్పటి వైపు తిరిగి, అక్కర్లేని చోట గట్టిగా రుద్దింది. కళ్ళు తుడుచుకుంటూ, "పాడు ఆవిరి," అంది.

"పోనీలెండి, ఆమె చనిపోలేదు," అని సంగీతం మేడమ్ ఊపిరి పీల్చుకున్నారు.

"నన్ను చంపేశారా కూడా?"

"ముప్పయ్యేళ్ళు నిండకముందే," అన్నారు జడ్జిగారు తలవంచుకుని. "ఆ తీర్పు కొట్టేస్తున్నానమ్మా."

ఆవిడ మొగుడివైపు తిరిగింది. "ఏమండీ, ఈ గొంతు పక్కన ఒక్కరోజు బతికితే చాలన్నారు కదూ?"

"అన్నాను."

"బోలెడు రోజులు బతికారు. ఇక వెళ్ళి ఆ తీగ కట్టండి."

డాక్టరుగారు తీగ కట్టారు. జడ్జిగారు నిచ్చెన పట్టుకున్నారు. ఆ తరవాత సంఘం సమావేశాలు ఆ ఇంట్లోనే జరుగుతున్నాయి. సభ్యులు తలా ఒక రికార్డూ, నలిగిన చొక్కా తెచ్చుకుంటారు. వచ్చినవాళ్ళెవరూ, ఇంతకీ ఆ పియానో వాయించింది ఎవరని ఇప్పటిదాకా అడగలేదు.