భర్త సంతకం

టీవీ సినిమా వాళ్ళు ఏలియా భార్యను ఉప్పుస్తంభం చేసి, శవాన్ని అతనికి ఇవ్వలేదు.

బైబిల్లోని లోతు కథను వాళ్ళు ఏలియా ఊరి ఉప్పు మడుల్లో తీశారు. సొదొమ పట్టణం తగలబడుతుంటే లోతు భార్య వెనక్కి చూడకుండా నడవాలి; చూస్తే ఉప్పుస్తంభం అయిపోతుంది. ఆ వేషం వేసిన నటి కాళ్ళకు ఉప్పునీళ్ళు పడలేదు. ఆమె బదులు నడవడానికి మడుల్లో పనిచేసే ఏలియా భార్య సువార్తమ్మను పిలిచారు. నడవడం వరకే. వెనక్కి చూసే షాటుకు ప్లాస్టర్ బొమ్మ సిద్ధంగా ఉంది. సువార్తమ్మ వెనక్కి చూసింది. బొమ్మతో పని పడలేదు.

మండల డాక్టరు వచ్చి, వేలు అద్ది రుచి చూసి, మరణాన్ని ధ్రువీకరించాడు. కారణం గడిలో ‘వెనుకకు చూచుట’ అని రాశాడు. అచ్చు ఫారంలో అది ఏడో కారణం.

సినిమా కంపెనీ కాగితాల్లో సువార్తమ్మ పేరు లేదు. ‘లోతు భార్య’ అని ఉంది. శవాన్ని భర్తకే ఇవ్వాలి. భర్త లోతు. లోతు వేషం వేసిన నటుడు హైదరాబాదులో ఒక సీరియల్లో మామగారుగా ఉన్నాడు. రావడం కుదరదన్నాడు.

ఏలియా నెలన్నర తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆమె మడుల్లో టార్పాలిన్ కింద నిలబడే ఉంది. మబ్బులు పట్టాయి.

“వానొస్తే కరిగిపోద్దండి. పూడ్చుకోడానికి ఏం మిగలదు,” అన్నాడు.

“కరిగితే ఫైలు మూసేస్తాంలే. నీకూ తిరుగుడు తప్పుద్ది,” అన్నాడు గుమాస్తా. “మొగుడివని రుజువేదయ్యా?”

“ముప్పయ్యేళ్ళు కాపురం చేశానండి.”

“లోతూ చేశాడుగా.”

చివరికి కంపెనీ షూటింగ్ రికార్డు పంపింది. ఆఫీసులో వేసి చూశారు. సువార్తమ్మ నడుస్తోంది. కెమెరా వెనక నుంచి ఒక గొంతు పిలిచింది.

“ఒసే, ఇంటి తాళం ఎక్కడ పెట్టావే?”

ఆమె తిరిగింది. చెయ్యి కొంగుముడి మీదకు వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

“మనిషి బయల్దేరాక వెనక నుంచి పిలుస్తారటయ్యా?” అన్నాడు తహసీల్దారు. “ఆ గొంతు నీదేనా?”

“నాదేనండి.”

“అట్టా పిలిచేది మొగుడే. రుజువు సరిపోయింది.”

గుమాస్తా కాగితం టైపు చేశాడు. మరణించిన స్త్రీ భర్తను నేనే, పిలిచినది నేనే. కంపెనీకి బాధ్యత లేదని కూడా అందులోనే ఉంది. ఏలియా సంతకం పెట్టి, వానకు ముందే ఆమెను పూడ్చుకున్నాడు.

గుడ్ ఫ్రైడే నాడు సినిమా వచ్చింది. అతని గొంతు తీసేసి సంగీతం కలిపారు. సువార్తమ్మ ఎవరూ పిలవకుండానే తిరిగింది. ఆదివారం పాస్టరు మాట వినని స్త్రీ గురించి వాక్యం చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఏలియా కూడా అన్నాడు.

బయట పొరుగింటి రూతమ్మ అతన్ని ఆపింది. “వద్దని చెప్పినా ఎందుకు తిరిగిందంటావు అన్నయ్యా?”

“ఇంకెప్పుడూ ఆ సంగతి నా దగ్గర ఎత్తొద్దమ్మా,” అన్నాడు ఏలియా.

అతనూ ఎత్తలేదు.